రైలు దాటిపోయిన పల్లె

అమెరికా సంయుక్త రాష్ట్రముల పటమును విప్పి మధ్యభాగమును పరికించినచో, ఇల్లినాయ్, నెబ్రాస్కా, కాన్సస్ రాష్ట్రములలో రైలుమార్గముల వెంబడి చిన్న చిన్న ఊళ్లు దారమునకు గ్రుచ్చిన పూసలవలె కానవచ్చును. మన దేశమున సామాన్యముగా ఊరు ముందు పుట్టినది. రైలు తరువాత వచ్చినది. నదీతీరమో, దేవాలయమో, సంతయో, కోటయో ఊరిని నిలిపినది. ఆ పచ్చిక మైదానములలో ఈ వరుస తలక్రిందయినది. అచట పెక్కు చోట్ల రైలే ముందు, ఊరు వెనుక.

దీనికి కారణము లేకపోలేదు. 1850లో అమెరికా ప్రభుత్వము ఇల్లినాయ్ సెంట్రల్ రైలుమార్గము నిమిత్తము సుమారు 26 లక్షల ఎకరముల భూమి నిచ్చినది. 1862లో పసిఫిక్ రైల్వే చట్టము వచ్చినది. ఆ సంవత్సరముననే వచ్చిన మరియొక చట్టము ప్రకారము, అయిదేండ్లు నివసించి సేద్యము చేసినవారికి 160 ఎకరముల ప్రభుత్వభూమి దక్కెడిది. కంపెనీలకు తమ భూములు అమ్ముడుపోవలెను. బండ్లకు సరకు దొరకవలెను. ఆవిరియంత్రములకు దారిలో నీరు కావలెను. కావున కంపెనీలే కొలతలు వేయించి ఊళ్లు కట్టించినవి. స్టేషను, నీళ్లతొట్టి, ధాన్యపు గాదె, నాలుగు దుకాణములు: ఇదియే వాని రూపము. నెబ్రాస్కాలో బర్లింగ్టన్ కంపెనీ దారి వెంట క్రీట్, డార్చెస్టర్, ఎక్సిటర్, ఫెయిర్‌మాంట్, గ్రాఫ్టన్, హార్వర్డ్ అను ఊళ్ల పేర్లు ఆంగ్ల అక్షరక్రమమున సాగును. తుదకు గడియారము సైతము రైలు చెప్పినట్లే నడచినది. ఏ ఊరి సూర్యునిబట్టి ఆ ఊరు కాలము లెక్కించుకొను పద్ధతిని మాన్పించి, 1883 నవంబరు 18న రైల్వే కంపెనీలు దేశమంతటికి కొన్ని కాలమండలముల నేర్పరచినవి.

ఇట్లు రైలు కలిగించిన ఊళ్ల చరిత్రలు పెక్కు కలవు. రైలుకై యెదురుచూచి, అది రాక ఎండిపోయి, అయినను అంతరింపక నిలచిన ఊరి చరిత్ర యొకటి కలదు. ఆ ఊరు కాన్సస్ రాష్ట్రపు వాయవ్యభాగమున, సాలమన్ నది దక్షిణశాఖ చెంతనున్న నికోడెమస్.

అంతర్యుద్ధానంతరము 1865లో అమెరికాలో బానిసత్వము చట్టరీత్యా తొలగినది. దాస్యము పోయినను దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారికి భూమి దొరకలేదు, భద్రతయు దొరకలేదు. 1877లో కేంద్రప్రభుత్వ సేనలు దక్షిణ రాష్ట్రముల రక్షణను విడనాడగా వారి ఆశలు మరింత సన్నగిల్లినవి. ఆ సంవత్సరముననే డబ్ల్యు. హెచ్. స్మిత్ అను నల్లజాతి మతాచార్యుడును, డబ్ల్యు. ఆర్. హిల్ అను తెల్లజాతి స్థల వ్యాపారియు మరికొందరితో కలసి నికోడెమస్ పట్టణ సంఘమును స్థాపించిరి. కెంటకీ రాష్ట్రమున కరపత్రములు పంచిపెట్టిరి. సొంత భూమి, సొంత ఊరు అను మాట విన్నవారు మూటలు కట్టుకొని బయలుదేరిరి.

1877 సెప్టెంబరులో సుమారు మూడువందలమంది కెంటకీనుండి రైలులో ఎల్లిస్ స్టేషనునకు చేరిరి. అచటినుండి దారి లేదు. దాదాపు 35 మైళ్లు మైదానమున నడచి పోయిరి. కరపత్రములలో చదివిన పట్టణమేదీ వారికి కానరాలేదు. చెట్టు లేదు, కట్టె లేదు. ముందు వచ్చినవారు నేలను త్రవ్వుకొని ఆ గుంటలలో కాపురముండిరి. మరుసటి వసంతమున వచ్చిన విలియానా హిక్‌మన్ అను స్త్రీ, ఊరేదని అడుగగా, నేలలోనుండి లేచుచున్న పొగను చూపిరనియు, అది చూచి తాను కన్నీరు పెట్టితిననియు తరువాత చెప్పుకొన్నది. కొన్ని కుటుంబములు వెంటనే తిరిగిపోయినవి. మిగిలినవారు తొలి చలికాలమున ఆకలితో అలమటించుచుండగా, వేటనుండి మరలివచ్చుచున్న ఓసేజ్ జాతి ఇండియనులు తమ ఆహారమునుండి వారికి పంచి యిచ్చిరని ఆ ఊరివారు నేటికిని చెప్పుకొందురు.

దుక్కిపశువులు కొద్ది. చాలమంది గునపములతోను, పారలతోను గట్టి పచ్చికనేలను పెళ్లగించిరి. అట్టి స్థితిలోను బడి మానలేదు. జెన్నీ స్మిత్ ఫ్లెచర్ అను ఆమె పిల్లలకు చదువు చెప్పినది. పదియేండ్లలో ఊరు రూపుదిద్దుకొన్నది. చర్చీలు, దుకాణములు, హోటళ్లు, బ్యాంకు, రెండు వార్తాపత్రికలు వెలసినవి. ఆ ఊరివాడైన ఎడ్వర్డ్ మెకేబ్ 1882లో కాన్సస్ రాష్ట్ర ఆడిటరుగా ఎన్నికయ్యెను. ఆ రాష్ట్రమున రాష్ట్రస్థాయి పదవికి ఎన్నికయిన మొదటి నల్లజాతీయుడు ఆయనయే.

ఇక లోపమొక్కటే: రైలు. గోధుమలను బండ్లపై దూరపు స్టేషనునకు తోలవలసినంతకాలము రైతుకు మిగులునది స్వల్పము. 1887లో మిస్సోరీ పసిఫిక్ కంపెనీ తమ ఊరిమీదుగా దారి వేయునని విని, ప్రజలు వోటు చేసి 16,000 డాలర్ల బాండ్లు ఇచ్చుటకు సమ్మతించిరి. నేల గుంటలలో బ్రదుకు ప్రారంభించినవారికి ఇది ఎంతటి మొత్తమో పాఠకులు ఊహింపగలరు. పత్రికలు శుభవార్తలు వ్రాసినవి. ఆ రైలు రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ కంపెనీ దారి వేసినది గాని, అది నదికి దక్షిణముగా, కొన్ని మైళ్ల దూరమున సాగిపోయినది. ఆ దారిమీద బోగ్ అను కొత్త ఊరు లేచినది. నికోడెమస్ వర్తకులలో పలువురు దుకాణములెత్తి అచటికి తరలిరి. పత్రికలు నిలిచిపోయినవి.

మన సభ్యులలో పలువురు కార్యాలయములలో పటములను, అంచనాలను నిత్యము చూచువారే. పటముమీద పెన్సిలు గీత అంగుళము అటు జరిగినను ఇటు జరిగినను కాగితమునకు భేదము లేదు. క్రింద నేలమీద మాత్రము ఒక ఊరి అంగడి మూతపడును, వేరొక ఊరి అంగడి తెరువబడును. ఆ గీత గీయునపుడు నదికి ఉత్తరమున పదియేండ్ల శ్రమ యున్నదని గుర్తించినవారెవరైన నుండిరో లేదో గాని, ఫలితము మాత్రము అనుభవించినవారు ఆ ఊరివారే.

ఆ తరువాత ఊరు నెమ్మదిగా తరిగిపోయినది. 1930 తరువాతి అనావృష్టి, దుమ్ముగాలులు మిగిలినవారిలో చాలమందిని వెడలగొట్టినవి. 1953లో పోస్టాఫీసు మూతపడినది. అయినను ఊరు చావలేదు. దాస్యవిమోచనమును స్మరించుచు ఏటేట జూలై మాసాంతమున జరుపుకొను ఉత్సవమునకు, దూరదేశములలో స్థిరపడిన వంశీయులు పిల్లలతో ఆ పల్లెకు చేరుచుందురు. ఆ ఉత్సవము నేటికిని సాగుచున్నది. 1996లో అమెరికా ప్రభుత్వము నికోడెమస్‌ను జాతీయ చారిత్రక స్థలముగా ప్రకటించి, చర్చీలు, హోటలు, బడి, సభాభవనము మున్నగు అయిదు కట్టడములను చరిత్రచిహ్నములుగా గుర్తించినది.

ఉద్యోగరీత్యా స్వగ్రామములకు దూరమై, పండుగకో పెండ్లికో మాత్రమే ఊరి ముఖము చూడగలుగుచున్న మనకు ఈ చివరి మాట ఎక్కువగా వివరింపనక్కరలేదు. ఊరిలో ఎందరు నివసించుచున్నారను లెక్క యొకటి. ఆ ఊరు తమదని ఎందరు తలచుచున్నారను లెక్క వేరొకటి. జనాభా పట్టికలలో మొదటి లెక్కయే కానవచ్చును. నికోడెమస్ నిలిచియున్నది రెండవ లెక్క వలననే.