వంతెనల్లో ప్రకంపనలు: నియంత్రణ ఎలా?

ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లా బైలదిల్లా గనుల్లో తవ్విన ఇనుప ఖనిజం కిరండూల్–కొత్తవలస రైలు మార్గం మీదుగా విశాఖపట్నానికి చేరుతుంది. 1960ల్లో జపాన్‌కు ఖనిజ ఎగుమతి కోసం నిర్మించిన ఈ మార్గంలో వంతెనలు అనేకం. ఇవి వ్యాగన్ల బరువుతో పాటు వాటి కుదుపులనూ భరించాలి.

ప్రతి వంతెనకూ సహజ పౌనఃపున్యం ఉంటుంది. బయటి తాకిడి అదే లయలో పదేపదే పడితే ఊపు పెరుగుతూ పోతుంది. దీన్నే అనునాదం అంటారు. ఉదాహరణకు, 10.7 మీటర్ల పొడవైన వ్యాగన్ల వరుస గంటకు 60 కిలోమీటర్ల వేగంతో సాగితే, వంతెనపై సెకనుకు సుమారు ఒకటిన్నర సార్లు తాకిడి పడుతుంది. వేగం మారితే ఈ లయ కూడా మారుతుంది. కనుక వేగ పరిమితి కూడా ఒక నియంత్రణ సాధనమే.

గర్డర్ల దృఢత్వం పెంచడం, పట్టాల కింద కంకర పరచడం, అతుకులు లేకుండా పట్టాలను వెల్డింగ్ చేయడం, రబ్బరు–ఉక్కు పొరల బేరింగులు అమర్చడం ఇతర మార్గాలు. తేలికపాటి వంతెనలకు డ్యాంపర్లు అవసరమవుతాయి. లండన్ మిలీనియం పాదచారుల వంతెన 2000 జూన్‌లో ప్రారంభమైన రెండు రోజులకే పక్కలకు ఊగడంతో మూతపడింది. డ్యాంపర్లు బిగించాక 2002లో తిరిగి తెరుచుకుంది.

ఖనిజ రైళ్ల వంతెనలకు అసలు ముప్పు లోహపు అలసట. కోట్లాది చిన్న కుదుపులకు రివెట్లు, వెల్డింగుల వద్ద సన్నని పగుళ్లు పుడతాయి. సహజ పౌనఃపున్యం తగ్గడం దృఢత్వం సడలిందనడానికి సంకేతం కావచ్చు. అయితే చిన్న పగుళ్లు ఈ కొలతకు అందకపోవచ్చు. అందువల్ల సెన్సర్లతో పాటు ప్రత్యక్ష తనిఖీలూ తప్పనిసరి.