కాతిబ్ కలం నుంచి బ్రౌజర్ ఎడిటర్ దాకా

ఉర్దూ అఖబార్లలో కాతిబ్ అనే ఉద్యోగి ఉండేవాడు. రచయిత ఇచ్చిన మసూదాను (చిత్తుప్రతిని) నస్తాలీఖ్ లిపిలో అందంగా ఎత్తి రాయటం ఆయన పని. 1981 లో లాహోర్ జంగ్ పత్రిక నూరీ నస్తాలీఖ్ అనే కంప్యూటర్ లిపిలో అచ్చవటంతో ఆ జమానా ముగింపుకొచ్చింది. ఇవాళ వెబ్‌సైటులో కాతిబ్ పని చేసేది బ్రౌజరులోని టెక్స్ట్ ఎడిటర్. కాతిబ్ తప్పు రాస్తే కాగితం మీద కనబడేది. ఎడిటర్ తప్పు చేస్తే తెర వెనక హెచ్‌టీఎంఎల్‌లో దాక్కుంటుంది, పదేళ్ల తర్వాత బయటపడుతుంది. మా చిన్న వెబ్‌సైటుకు ఎడిటర్‌ను ఎంచుకునే బాధ్యత నామీద పడినప్పుడు ముందు దాని తారీఖు (చరిత్ర) తిరగేశాను.

టిమ్ బెర్నర్స్ లీ 1990 లో తయారుచేసిన మొట్టమొదటి బ్రౌజరులో చదవటం, రాయటం రెండూ ఉండేవి. తర్వాత జనంలోకి వచ్చిన మొజాయిక్ వంటివి చదవటానికే పరిమితమయ్యాయి. పాఠకుడికి కలం తిరిగి దొరకటానికి పదేళ్లు పట్టింది. 2000 లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5.5 కంటెంట్‌ఎడిటబుల్ అనే సదుపాయం తెచ్చింది. పేజీలో ఏ భాగాన్నయినా అక్కడికక్కడే దిద్దుకోవచ్చు. మొజిల్లా 2003 లో ఇలాంటిదే ఇచ్చింది. కానీ అందరికీ ఒకే కాయిదా లేదు. ఎంటర్ నొక్కితే ఒక బ్రౌజరు కొత్త పేరా పెట్టేది, ఇంకొకటి వరస మాత్రమే విరిచేది, మరొకటి డివ్ డబ్బా పెట్టేది.

ఈ ఝగడాను సర్దటానికే ఎడిటర్లు పుట్టాయి. ఫ్రెడెరికో కాల్డెయిరా క్నాబెన్ 2003 లో తన పేరులోని పొడి అక్షరాలతో ఎఫ్‌సీకే ఎడిటర్ తెచ్చాడు. ఆ మూడక్షరాలు ఇంగ్లీషులో ఒక బూతుమాటను గుర్తుకు తెస్తున్నాయని 2009 లో సీకే ఎడిటర్‌గా పేరు మార్చారు. స్వీడన్ కంపెనీ మాక్సీకోడ్ 2004 లో టైనీఎంసీఈని విడుదల చేసింది. 2005 ఆఖరులో వర్డ్‌ప్రెస్ 2.0 దాన్ని తనలో కలుపుకుంది. ద్రుపాల్ మాత్రం 2015 లో 8వ వెర్షన్ వచ్చేదాకా తన మూల ప్యాకేజీలో ఏ ఎడిటర్నీ పెట్టలేదు, అప్పుడు సీకే ఎడిటర్‌కు చోటిచ్చింది. 2018 డిసెంబరులో వర్డ్‌ప్రెస్ 5.0 పాత పద్ధతి పక్కనపెట్టి గుటెన్‌బర్గ్ అనే బ్లాకుల ఎడిటర్‌ను తెచ్చింది.

ఈ కథ మతలబు ఏమిటంటే ఎడిటర్లకు ఆయుష్షు తక్కువ. 2003 నాటి ఎడిటర్ ఈనాడు లేదు. సీకే ఎడిటర్ 4 కు ఉచిత మద్దతు 2023 లో ఆగిపోయింది. మనం రాసింది మాత్రం అంతకంటే ఎక్కువకాలం బతకాలి. తెలుగులో అను ఫాంట్లలోనూ, ఉర్దూలో పాత ఇన్‌పేజ్‌లోనూ టైపు చేసిన కితాబులు ఎన్నో ఉన్నాయి. వాటిని నేరుగా బ్రౌజరులో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చేదాకా వెతుకులాటకు దొరకవు. ఆ ఖైదు మళ్లీ మనకు అవసరమా?

అందుకని నేను బటన్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు. నాలుగు ఇమ్తిహాన్లు (పరీక్షలు) పెట్టాను.

1. "వెబ్‌సైటు" అని టైపు చేసి, దాచి, మళ్లీ తెరవాలి. బ, స అక్షరాలు అతుక్కోకుండా వాటి మధ్య కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తు ఉంటుంది. శుభ్రం చేసే పేరుతో ఎడిటర్ దాన్ని తుడిచేస్తే "వెబ్సైటు" అవుతుంది.

2. తెలుగు పేరా మధ్య ఉర్దూ వాక్యం పెట్టాలి. తెలుగు ఎడమ నుంచి కుడికి, ఉర్దూ కుడి నుంచి ఎడమకు. ఆ వాక్యం చివరి చుక్క, బ్రాకెట్టు తప్పు వైపుకు దూకుతాయి. ఉర్దూ ముక్కకు దిశ, భాష వేరుగా చెప్పే హక్కు రచయితకు ఉండాలి.

3. వర్డ్ నుంచి ఒక పేజీ తెచ్చి అతికించాలి. దాంతోపాటు వచ్చే ఫాంటు పేర్లు, రంగులు, కొలతల కచరా వదిలి పేరాలు, శీర్షికలు, లింకులు మాత్రమే మిగలాలి.

4. ఫోనులో తెలుగు కీబోర్డుతో రాయాలి. మాట పూర్తికాకముందే ఎడిటర్ మధ్యలో దఖల్ ఇస్తే అక్షరాలు రెండుసార్లు పడతాయి, లేదా మాయమవుతాయి. మన రచయితల్లో చాలామందికి ఫోనే దఫ్తరు కాబట్టి ఇది చిన్న సంగతి కాదు.

లైసెన్సు కూడా చదవాలి. ఉచితంగా దింపుకున్నంత మాత్రాన అన్ని షరతులూ మాఫ్ అయినట్టు కాదు. సీకే ఎడిటర్ 5 ను జీపీఎల్ షరతుల మీద వాడుకోవాలి, లేదా డబ్బు కట్టి వేరే లైసెన్సు తీసుకోవాలి.

చివరికి నా ఫైసలా ఇది. బొద్దు అక్షరాలు, శీర్షిక, లింకు, జాబితా, ఉల్లేఖన, దిశ మార్పు: ఈ ఆరు బటన్లు చాలు. రంగులు, ఫాంటు సైజులు తీసేయించాను. ఆ పని సైటు రూపానిది, రచయితది కాదు. వీటన్నిటికంటే ముఖ్యమైన షర్తు ఇంకొకటి పెట్టాను: ప్రతి వ్యాసం సాదా హెచ్‌టీఎంఎల్‌గా బయటకు దించుకోగలగాలి. ఈ ఎడిటర్ కూడా ఒకనాడు పోతుంది. అప్పుడు రచయితల అమానత్ (నమ్మి అప్పగించిన సొత్తు) వాళ్ల చేతికి చెక్కుచెదరకుండా అందాలి.