పందెపు కారు బరువు దించే విద్య: ఏది తీయవచ్చు, ఏది తీయరాదు

స్పోర్ట్స్ కారును పందెపు బాటకు, అనగా ట్రాక్‌కు సిద్ధపరచేటప్పుడు తెలిసిన మెకానిక్ మొదట ఇంజన్ జోలికి పోడు. కారులో అవసరం లేని బరువు ఎక్కడున్నదో వెతుకుతాడు. ఇంజన్ శక్తి పెరిగితే తిన్నని దారిలో మాత్రమే లాభం. బరువు తగ్గితే వేగం అందుకోవడంలోను, ఆగడంలోను, మలుపు తిరగడంలోను లాభమే. నిండు బస్తాల ఎద్దుబండిని ఏటవాలులో నిలపడం ఎంత కష్టమో, ఖాళీ బండిని నిలపడం ఎంత సులువో పల్లెవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. కారుకూ అదే సూత్రం వర్తిస్తుంది.

దీనిని లెక్కలో చూడవచ్చు. గంటకు 180 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 50 మీటర్లు. ఆ వేగంతో వచ్చే 1200 కిలోల కారులో 15 లక్షల జౌళ్ళ గతిశక్తి ఉంటుంది. అదే కారు 1000 కిలోలైతే పన్నెండున్నర లక్షల జౌళ్ళు. కారు పూర్తిగా ఆగాలంటే ఈ శక్తిలో అధికభాగాన్ని బ్రేకులే వేడిగా మార్చుకోవాలి. మిగిలిన రెండున్నర లక్షల జౌళ్ళు ముప్పావు లీటరు పైచిలుకు నీటిని గది వేడి నుండి మరిగే వరకు కాచడానికి సరిపోతాయి. ఒక్కసారి బ్రేకు వేసినప్పుడే ఇంత తేడా. ట్రాక్‌పై ప్రతి చుట్టులోనూ పలుమార్లు గట్టిగా బ్రేకు వేయవలసి ఉంటుంది కావున, బరువైన కారు బ్రేకులు కొద్ది చుట్లకే వేడెక్కి పట్టు విడుస్తాయి.

మలుపులో లాభం ఇంకొక విధమైనది. టైరు మీద భారం రెట్టింపైతే దాని పట్టు రెట్టింపు కాదు, అంతకు కొంత తక్కువే పెరుగుతుంది. అందువలన తేలికైన కారు అవే టైర్లతో అదే మలుపును ఎక్కువ వేగంతో తిరగగలదు, టైర్లు కూడా ఎక్కువ కాలం నిలుస్తాయి.

పోర్షే 911 కరేరా ఆర్.ఎస్.

ఈ విద్యకు పాఠంగా చెప్పదగిన కారు జర్మనీకి చెందిన పోర్షే 911 కరేరా ఆర్.ఎస్. 2.7. దీనిని 1972 అక్టోబరులో పారిస్ మోటార్ షోలో ప్రదర్శించారు. పందెపు నిబంధనల ప్రకారం గ్రూప్ 4 తరగతిలో ప్రవేశం దొరకాలంటే 500 కార్లు తయారు చేసి చూపాలి. అన్ని అమ్ముడవుతాయా అని సంస్థలోనే సందేహించారు. చివరకు 1580 తయారయ్యాయి.

ఇంజనీర్లు సాధారణ 911 కారును ముందు పెట్టుకొని ఒక్కొక్క వస్తువునూ ప్రశ్నించారు. పై రేకు పలుచనిది వేశారు. అద్దాలు పలుచనివి బిగించారు. వెనుక ఉండే ఇంజన్ మూతను ఫైబర్ గ్లాసుతో చేసి, బాతు తోక వంటి చిన్న రెక్కను దానితో కలిపి పోత పోశారు. వేగంలో కారు వెనుక భాగం గాలికి పైకి లేవకుండా ఆ రెక్క అదిమి పెట్టేది. వెనుక సీట్లు, గడియారం, ప్రయాణికుని వైపు ఎండ తెర అన్నీ పోయాయి. తలుపు లోపల చేయి ఆన్చుకొనే దిమ్మె స్థానంలో లాగడానికి ఒక పట్టీ మిగిలింది. ముందు భాగాన ఉండే లోహపు ముద్ర బదులు స్టిక్కర్ అతికించారు! ఆ ముద్ర బరువు కొన్ని గ్రాములే. అయినా బంగారాన్ని తూచే కంసాలి వలె గ్రాములు లెక్కించేవారే చివరకు కిలోలు దించగలుగుతారు.

ఇలా దించగా వచ్చిన తేలిక కారు బరువు 960 కిలోలు. అవే యంత్రాంగంతో, లోపల సౌకర్యాలు ఉంచి అమ్మిన టూరింగ్ రకం 1075 కిలోలు. రెండింటికీ ఇంజన్ ఒకటే, 210 అశ్వశక్తి. సున్నా నుండి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి తేలిక కారుకు 5.8 సెకన్లు, టూరింగ్‌కు 6.3 సెకన్లు పట్టేవి. తేలిక కారులో ఒక్కొక్క అశ్వశక్తి నాలుగున్నర కిలోలకు కొద్దిగా మించిన బరువును లాగుతుంది. టూరింగ్ కారుకు అదే నిష్పత్తి రావాలంటే ఇంజన్ శక్తిని దాదాపు 235 అశ్వశక్తికి పెంచవలసి ఉంటుంది. అనగా 115 కిలోలు దించడం 25 అశ్వశక్తులు చేర్చడంతో సమానం. దానికి అదనపు పెట్రోలు ఖర్చు లేదు, ఇంజన్‌కు అదనపు శ్రమా లేదు.

ఇంత చేసినా తేలిక కారును కొన్నవారు సుమారు 200 మందే. 1300 మందికి పైగా టూరింగ్ రకాన్నే కోరుకున్నారు. దీనిని చూచి నవ్వవలసిన పని లేదు. నిత్యం ఇంటి నుండి పనికి వెళ్ళి వచ్చేవానికి ఆ 115 కిలోలు బరువు కాదు, సుఖం.

తేలికకు పడిన పాట్లు

అదే సంస్థలో ఫెర్డినాండ్ పియెక్ అధ్వర్యంలో 1960 దశకం చివర తయారైన పందెపు కార్లలో ఈ పట్టుదల పరాకాష్ఠకు చేరింది. 1968లో కొండ దారి పందేల కొరకు చేసిన 909 అనే చిన్న కారు 400 కిలోల లోపే తూగింది. ఎక్కడైనా ఉక్కు వాడారేమోనని పియెక్ అయస్కాంతం పట్టుకొని తిరిగేవాడని చెబుతారు. 1969లో వచ్చిన 917 కారులో గేరు కడ్డీ పిడి బాల్సా అనే తేలిక కర్రతో చేసినది. దాని అల్యూమినియం గొట్టాల చట్రంలో గాలి నింపి ఉంచేవారు. పీడనం పడిపోతే ఎక్కడో పగులు వచ్చినదని గుర్తు. తేలిక చేయగానే సరికాదు, అది ఎప్పుడు విరుగుతుందో ముందే తెలియాలి అన్న జాగ్రత్త ఇందులో ఉన్నది. 1971 ల మాన్ 24 గంటల పందెంలో గెలిచిన 917 చట్రం మెగ్నీషియంతో చేసినది.

మెగ్నీషియం తేలికే గాని అంటుకుంటే ఆరదు. 1955 జూన్ 11న అదే ల మాన్‌లో మెర్సిడెస్ 300 ఎస్.ఎల్.ఆర్. కారు ప్రేక్షకుల వైపు దూసుకుపోయినప్పుడు దాని మెగ్నీషియం మిశ్రలోహపు పైతొడుగు భీకరంగా మండిపోయింది. ఆ దుర్ఘటనలో చోదకుడు పియెర్ లవెగ్‌తో పాటు 80 మందికి పైగా ప్రేక్షకులు మరణించారు.

ఇటలీలో ఫెరారి సంస్థ 1987లో తెచ్చిన ఎఫ్ 40 కారులోనూ తివాచీ లేదు, రేడియో లేదు, లోపలి నుండి తలుపు తీయడానికి ఒక తాడు ఉండేది. ఇంగ్లండులో లోటస్ సంస్థ 1996లో తెచ్చిన ఎలీస్ కారుకు అల్యూమినియం పట్టీలను జిగురుతో అతికించి చట్రం చేశారు. దాని బరువు 68 కిలోలు మాత్రమే.

షెడ్డులో జరిగే పని

నేడు పాత స్పోర్ట్స్ కారును ట్రాక్ కొరకు మార్చేవారు ముందుగా ఖర్చు లేని బరువుతో మొదలు పెడతారు. డిక్కీలోని స్టెప్నీ, జాకీ, పనిముట్లు, వెనుక సీట్లు, తివాచీలు తీసివేస్తారు. నేల రేకుకు అంటించిన తారు పలకలు చప్పుడు తగ్గించడానికి వేసినవి. వాటిపై డ్రై ఐస్ పరచి గట్టిపరచి, చెక్క సుత్తితో మెల్లగా తడితే పెళుసుగా ఊడివస్తాయి. ఈ పని తలుపులు మూసిన గదిలో చేయరాదు. డ్రై ఐస్ నుండి వెలువడే బొగ్గుపులుసు వాయువు ఊపిరాడకుండా చేస్తుంది.

తరువాతిది డబ్బు ఖర్చయ్యే బరువు. మోటార్లతో కదిలే సీటు బదులు పందెపు సీటు వేస్తే పది పదిహేను కిలోలు మిగులుతాయి. సీసపు బ్యాటరీ బదులు లిథియం బ్యాటరీ వేసినా దాదాపు అంతే. పక్క అద్దాలకు పాలీకార్బొనేట్ వాడితే బరువు సగానికి పడిపోతుంది గాని, అది త్వరగా గీతలు పడుతుంది. ముందు అద్దాన్ని మాత్రం పగిలినా ముక్కలు చెదరని పొరల గాజుగానే ఉంచాలి. చక్రాలు, టైర్లు, బ్రేకు పళ్ళేలలో తగ్గిన కిలో డిక్కీలో తగ్గిన కిలో కంటె విలువైనది. అవి కారుతో పాటు ముందుకు పోవడమే గాక తిరుగుతాయి కూడా. పైగా అవి స్ప్రింగుల కింద ఉండే భారం కావున, తేలికైతే గతుకులపై టైరు నేలను విడువదు.

చాలామంది మరచే సంగతి పెట్రోలు. 60 లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే సుమారు 45 కిలోలు. పది చుట్లకు చాలినంత పోసుకొని వెళ్ళడం కంటె చౌకైన ఉపాయం లేదు.

ఎక్కడ తీశామన్నది కూడా ముఖ్యమే. పైకప్పులో తగ్గిన బరువు కారు గురుత్వ కేంద్రాన్ని కిందికి దించుతుంది. 911 వంటి కారులో ఇంజన్ వెనుక, స్టెప్నీ ముందు ఉంటాయి. స్టెప్నీ తీస్తే ముందు భాగం మరింత తేలికై, స్టీరింగు తిప్పినా ముక్కు మలుపులోకి తిరగడానికి మొరాయిస్తుంది. అందుకే నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి తూచి, స్ప్రింగులు మళ్ళీ సరిచేస్తారు.

తీయరానివి

ఇనుప పంజరం, అనగా రోల్ కేజ్, కారుకు ముప్పై నలభై కిలోలు చేరుస్తుంది. మంటలార్పే సిలిండరు మరికొన్ని కిలోలు. ఇవి తప్పనిసరి బరువులు. పంజరం లేకుండా పందెపు సీటు, భుజాలను బిగించే పట్టీలు మాత్రమే వేసుకుంటే, కారు బోర్లా పడినప్పుడు మనిషి పక్కకు వాలలేడు, కప్పు నేరుగా తలమీదికి దిగుతుంది. తలుపుల లోపలి ఉక్కు దూలాలు, చట్రానికి ఆధారమైన రేకులు కోయడం, వాటికి రంధ్రాలు చేయడం ప్రాణాంతకం.

లోటస్ స్థాపకుడు కోలిన్ చాప్మన్ తేలిక కార్లకు పెట్టింది పేరు. ఆయన జట్టు చోదకుడు యోఖెన్ రింట్ 1969లో ఆయనకు ఒక లేఖ రాశాడు. మన కార్లు ఎంతో వేగవంతమైనవి, బలహీనమైన భాగాలకు కొన్ని పౌన్ల బరువు చేర్చి గట్టిపరచినా మనం వెనుకబడము అని దాని సారాంశం. 1970 సెప్టెంబరు 5న ఇటలీలోని మోంజాలో సాధన చేస్తుండగా రింట్ కారు ముందు బ్రేకు ఇరుసు విరిగి, కారు పక్క కంచెను ఢీకొన్నది. నిప్పంటుకుంటే త్వరగా బయటపడవచ్చునని ఆయన తొడల మధ్య నుండి వచ్చే పట్టీని పెట్టుకునేవాడు కాదు. ఆ కారణంగా శరీరం కిందికి జారి ప్రాణం పోయింది. వయస్సు 28. ఆ ఏటి ప్రపంచ విజేత బిరుదు ఆయనకు మరణానంతరం దక్కింది.

మన దేశంలో

చెన్నై నుండి నెల్లూరు దారిలో ఉన్న షోళవరం పాత విమానాల బాటపై ఒకప్పుడు పందేలు జరిగేవి. తరువాత శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ ఏర్పడింది. తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి 800 ఇంజన్‌తో ఒంటి సీటు పందెపు కార్లు చేయించాడు. అంత చిన్న ఇంజన్ పందేనికి పనికి వచ్చినదంటే కారు తేలిక కావడమే కారణం. 2005లో ఫార్ములా వన్‌లో ప్రవేశించిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ తొలినాళ్ళలో నడిపినది ఈ ఫార్ములా మారుతి కార్లనే. 1995లో మరణించిన కరివర్ధన్ పేరుతో కోయంబత్తూరు సమీపంలో కరి మోటార్ స్పీడ్‌వే ఉన్నది.

ఇటువంటి మార్పులన్నీ ట్రాక్ వరకే. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు దీనిని స్పష్టపరచింది. ఇది కేంద్ర చట్టం కావున సరిహద్దుకు ఇవతల రిజిస్టరైన బండి అయినా, అవతల అయినా తేడా లేదు. మార్చిన కారును లారీపై ఎక్కించి ట్రాక్‌కు తీసుకుపోతారు. పల్లెల్లో కొందరు యువకులు మోటారు సైకిలుకు అద్దాలు, మడ్‌గార్డులు పీకివేసి పందెపు బండి అనుకుంటారు. దానితో తగ్గేది కిలో రెండు కిలోలు. వెనుక వచ్చే లారీ కనిపించకపోవడం మాత్రం నిజం.

పందేలలో కనీస బరువు నియమం కూడా ఉంటుంది. పందెం ముగిశాక కారును మళ్ళీ కాటా ఎక్కిస్తారు, తక్కువ తూగితే ఫలితం రద్దవుతుంది. కావున ఎక్కువ దించినవారు సీసపు దిమ్మెలను నేల రేకుకు బిగించి లెక్క సరిచేస్తారు. ఆ దిమ్మె ఎక్కడ కావాలంటే అక్కడ, ఎంత కిందికి కావాలంటే అంత కిందికి పెట్టుకోవచ్చు గనుక అదీ లాభమే. 1984లో టిరెల్ జట్టు పందెం చివర నీటి ట్యాంకులోకి నీటితో పాటు సీసపు గుళ్ళు కూడా ఎక్కించి బరువు సరిపెట్టుకున్నదని తేలగా, ఆ ఏడాది ఫార్ములా వన్ పోటీ నుండే దానిని తొలగించారు.