పుంగనూరు సీమలో క్రైస్తవ తత్త్వచింతన

పుంగనూరనగానే లోకులకు పొట్టి ఆవులు జ్ఞప్తికి వచ్చును. కాని ఇంచుమించు మూడు వందల ఏండ్ల క్రిందటనే ఈ ఊరి పేరు పారిసు నగరమున అచ్చయిన క్రైస్తవ గురువుల లేఖలకెక్కిన సంగతి మనలో అనేకులెఱుగరు. బయటినుండి వచ్చిన మతము ఈ దేశపు సంస్కృతిలో వేరూనుట ఎట్లు అను ప్రశ్న ఆనాడే మన సీమలో పుట్టినది. ఆ కథను పాఠక మహాశయులకు సంగ్రహముగా విన్నవించుచున్నాను.

18వ శతాబ్ది ఆరంభమున, ఫ్రెంచివారి పుదుచ్చేరినుండి జెస్యూటు గురువులు కర్ణాటక మిషను పేర తెలుగు నాటికి బయలుదేఱిరి. వారిలో ద లా ఫోంతెన్ అను గురువు పుంగనూరులో నిలిచి బోధించెను. 1606లో మధుర చేరిన ఇటలీ దేశీయుడు రాబర్టు డి నోబిలి చూపిన మార్గమే వీరికి మార్గము. వారు సన్న్యాసుల వేషము ధరించిరి, మాంసము విడిచిరి, దేశభాషలు నేర్చిరి. క్రీస్తును నమ్మినవాడు తన ఆచార వ్యవహారములన్నిటిని విడిచి పరదేశి కానక్కఱలేదని వారి అభిప్రాయము.

ఈ అభిప్రాయము వేషముతో ఆగలేదు. అదే మిషనుకు చెందిన కాల్మెట్ పండితుడు వేదముల వ్రాతప్రతులను సంపాదించి పారిసుకు పంపెను. కూర్డూ అను మఱియొక గురువు తెలుగు నిఘంటువు కూర్చుటయే గాక, సంస్కృతమునకు గ్రీకు, లాటిను భాషలతో గల చుట్టఱికమును 1767లో ఫ్రాన్సు విద్వాంసులకు తెలిపెను. అదే శతాబ్దిలో మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను పద్యకావ్యముగా రచించి దానికి “వేదాంత రసాయనము” అని పేరిడెను. ఆ పేరులోనే ఆనాటి యత్నమంతయు ఇమిడియున్నది.

అయితే ఈ మార్గమున ఒక లోపము కలదు. ఆచారములను గౌరవించు తొందరలో ఆ గురువులు కులభేదమును సైతము ఆచారముగానే స్వీకరించిరి. అంటరానివారని లోకము దూరముంచినవారిని వారును దూరముంచిరి. 1704లో పోపు ప్రతినిధి టూర్నో పుదుచ్చేరిలో వెలువరించిన శాసనము అనేక దేశాచారములను నిషేధించెను. దానితోపాటు, రోగియైన పంచముని ఇంటికి గురువు స్వయముగా వెళ్ళవలెననియు ఆజ్ఞాపించెను. 1744లో పోపు పదునాలుగవ బెనెడిక్టు ఆ నిషేధములను స్థిరపఱచెను. ఈ దేశపు అలవాట్లను ఎఱుగనివారి శాసనమని దానిని తప్పుపట్టవచ్చును. కాని రోగి గుడిసె గడప త్రొక్కుమనిన మాటను తప్పుపట్టగలవారెవరు? 1773లో పోపు జెస్యూటు సంఘమునే రద్దు చేయుటతో ఆ అధ్యాయము ముగిసెను.

శాసనము వేషమును మార్చగలదు గాని మాటను మాపలేదు. కతోలికులు దేవుని “సర్వేశ్వరుడు” అని పిలుచుట నేటికిని మనము వినుచున్నాము. తరువాత 1863లో అమెరికా దేశపు ఆర్కాటు మిషనుకు చెందిన వైద్యుడు జేకబ్ చాంబర్లేన్ మదనపల్లెలో నెలకొనెను. ఆయన తెలుగు బైబిలు సవరణ సంఘమునకు చాలకాలము అధ్యక్షుడుగా నుండి, 1908లో మదనపల్లెలోనే కన్నుమూసెను. కృప, రక్షణ, ఆత్మ, వాక్యము అను మాటలు బైబిలుకొఱకు క్రొత్తగా పుట్టినవి కావు. భక్తుల నోట, వేదాంతుల నోట నలిగినవి. అందుచేత ఏ మాటను గ్రహించుట, దేనిని విడుచుట అనునది కేవలము భాషావిషయము కాదు, అదియే తత్త్వవిచారము. అవతారమనగా మన పురాణములలో యుగయుగమున కలుగునది. క్రైస్తవులకో క్రీస్తు జన్మము ఒక్కసారియే జరిగినది. పాత మాటలో క్రొత్త అర్థము నింపుట పాత కుండలో క్రొత్త నీరు పోసినంత సులభము కాదు.

పండితులు మాటలతో పెనగులాడుచుండగా పామరులు పాటతో వంతెన కట్టిరి. పురుషోత్తమ చౌదరి (1803–1890) రచించిన కీర్తనలు రాగతాళములతో పల్లెపల్లెకు వ్యాపించినవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున పాట తలపై రాగము పేరు చూచినవారికి అవి ఏ నేలలో మొలచినవో వేఱుగ చెప్పనక్కఱలేదు.

నెల్లూరులో జన్మించి పుదుక్కోట సంస్థానమున న్యాయాధిపతిగా పనిచేసిన పండిపెద్ది చెంచయ్య (1886–1959) ఈ విచారమును ఇంకను ముందునకు నడిపెను. తాంబరము అంతర్జాతీయ సభ జరిగిన 1938లోనే, ఆయనయు ఆయన మిత్రులును భారతదేశమున క్రైస్తవమును తిరిగి ఆలోచింపవలెనను గ్రంథమును వెలువరించిరి. క్రీస్తు సృష్టిలో ఒక క్రొత్త ఆరంభమనియు, పడమటివారి సిద్ధాంతముల చట్రములో ఆయనను బిగింపరాదనియు చెంచయ్య వాదించెను.

ఇంతకును సంస్కృతి యనగా ఎవరి సంస్కృతి? వేదాంతులదా, వెలివాడలదా? తెలుగు క్రైస్తవులలో పెక్కురు మాల మాదిగ పల్లెలవారే. 1981లో బెంగుళూరున అర్వింద్ నిర్మల్ చేసిన ప్రసంగముతో ప్రసిద్ధికెక్కిన దళిత దైవచింతన ఈ ప్రశ్ననే సూటిగా అడిగెను. వెనుకటి గురువులు పోగొట్టుకొన్న సగమును అది జ్ఞప్తికి తెచ్చెను.

వేరు పైమట్టిలో మాత్రమే పాకినచో చెట్టు నిలువదు. ఏ తత్త్వమైనను ఈ నేలదనిపించుకొనవలెనన్నచో పండితుని పీటవద్దనే గాక, పల్లె చివరి గుడిసెలోను దానికి చోటుండవలెను. మన సీమ చరిత్ర అన్ని మతములవారికిని చెప్పు నీతి ఇదియే.