పేరు మిగిలిన జాగిలములు

జాగిలమను మాటను నేడు వార్తాపత్రికలు ఎక్కువగా పోలీసుశాఖవారి కుక్కలకే వాడుచున్నవి. గ్రేహౌండ్స్ అన్నచో తెలుగువారికి 1989లో ఏర్పడిన పోలీసు దళము స్ఫురించును గాని, ఆ దళమునకు పేరిచ్చిన కుక్క స్ఫురించదు. సన్నని నడుము, లోతైన ఱొమ్ము, పొడుగు కాళ్లు, వాసనకన్న చూపును నమ్ముకొని పరుగెత్తు స్వభావము, ఇవి గ్రేహౌండు లక్షణములు. ఆ పోలిక గల కుక్కలు మన దక్షిణదేశమునను కలవు. కర్ణాటకమున ముధోళ జాతియు, తమిళనాట చిప్పిపారై, కన్ని జాతులును అట్టివే. మదనపల్లె, పుంగనూరు, కుప్పముల ప్రాంతము ఆ రెండు నాడులకును పొరుగు. మా రామసముద్రమైతే కన్నడ సరిహద్దుననే యున్నది. ఇట్టి కుక్కలను పెంచినవారు వానికేమి పెట్టిరి, జబ్బు చేసినప్పుడేమి చేసిరి, చచ్చిన పిదప ఎట్లు తలచుకొనిరి అని విచారింపబూనితిమి. దొరికినది కొంచెమే. ఆ కొంచెమునే శ్రోతలకు విన్నవింతుము.

మన సాహిత్యమున కుక్కకు దక్కిన చోటు చిన్నది కాదు. నన్నయభట్టారకుని భారతమున జనమేజయుని కథ మొదలగుటయే తడవుగా ఒక కుక్కపిల్ల దెబ్బలు తిని తల్లికడకు పోవును. ఆ తల్లి సరమ వచ్చి రాజును నిలదీయును. భారతము కడపట ధర్మరాజు వెంట నడచినదియు కుక్కయే. పెద్దన మనుచరిత్రలో వేటకుక్కల వర్ణనము కలదు. 12వ శతాబ్దిలో పశ్చిమ చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసమున సారమేయ వినోదమునకు ప్రత్యేకముగా చోటిచ్చెను. అయినను వేట ముగిసిన తరువాత ఆ కుక్క అరికాలి ముల్లు తీసి, గంజి పోసి, ప్రక్కన పరుండబెట్టుకొన్న మనుష్యుడు ఈ కావ్యములలో కానవచ్చుట అరుదు. అతడు చదువుకొన్నవాడు కాడు. చదువుకొన్నవారికి అతని పని తెలియదు.

ఆ పని తెలిసిన చదువరి ఒకడు రోమక సామ్రాజ్యమున నుండెను. అలెగ్జాండరు దండయాత్రల చరిత్రను, మన దేశమును గూర్చిన గ్రంథమును వ్రాసిన 2వ శతాబ్దపు గ్రీకు రచయిత ఆరియన్ పేరు చరిత్ర విద్యార్థులెరుగుదురు. ఆయనయే గ్రేహౌండు వంటి కెల్టిక్ జాతి వేటకుక్కలను గూర్చియు చిన్న పుస్తకము వ్రాసెను. ఆయన మాటలలో సేనానాయకుని దర్పము లేదు. కుక్కకు మెత్తని వెచ్చని పడక కావలెననియు, మనిషి తోడుగా పరుండిన మరింత మేలనియు చెప్పును. రొట్టెను గొడ్డుమాంసపు రసములో నానవేసి పెట్టవలెను. నీరసించినదానికి నిప్పులపై కాల్చిన కాలేయమును పొడిచేసి ఆహారముపై చల్లవలెను. పిల్లలకు పాలు ముఖ్యము. జబ్బు చేసినదానికి పాలే అన్నమును పానీయమును. ఒక్కొక్కప్పుడు పస్తుంచుటయు మందేయనును. లంఘనము పరమౌషధమని మన పెద్దలు మనుష్యులకు చెప్పిన మాటను ఆయన కుక్కకును చెప్పినాడు!

ఆయనకు హోర్మె అను కుక్క యుండెడిది. ఇంట నున్నప్పుడు ప్రక్కనే యుండును. బయలుదేరిన వెంట వచ్చును. ఒంట్లో బాగులేనివానిని విడిచిపోదు. ఇవన్నియు వ్రాసి, దాని పేరు తరువాతివారికి మిగులవలెనని ఆ పేరునుగూడ బుద్ధిపూర్వకముగా వ్రాసి పెట్టెను. పదునెనిమిది వందల యేండ్లు దాటినను ఆ పేరు మనకు వినబడుచునే యున్నది.

ఆయన చెప్పిన జాగ్రత్తలలో కొన్నింటికి నేటి పశువైద్యము కారణములు చూపుచున్నది. ఈ కుక్కల తోలు పలుచన, క్రొవ్వు తక్కువ. కనుక చలికి తాళలేవు. కడుపు నిండిన వెంటనే పరుగెత్తించినచో లోతైన ఱొమ్ముగల జాతులకు కడుపుబ్బి మెలిపడు ప్రమాదము కలదు. కొన్ని మత్తుమందులు తక్కిన జాతుల కన్న వీనిని ఎక్కువసేపు పట్టియుంచును. శస్త్రచికిత్స చేయు వైద్యునికి ముందుగనే జాతి చెప్పుట మంచిది.

ఇక మన వైపు చూతము. మదనపల్లె, పుంగనూరు ప్రాంతములలో వైదుంబ, బాణ, నొళంబ రాజుల నాటి వీరగల్లులు చెరువు గట్లపైనను పొలములలోను నిలిచియున్నవి. పసులను కాచి చచ్చినవారు, ఊరికై పోరి పడినవారు ఆ రాళ్లపై కత్తి యెత్తి నిలుతురు. పొరుగునాట ఇట్టి రాళ్లపై కుక్కయు కనబడును. తిరువణ్ణామలై జిల్లా ఎడత్తనూరులో 7వ శతాబ్దినాటి, మహేంద్రవర్మ పల్లవుని కాలపు రాతిపై పసుల దొంగలను కరచి నిలిచిన కుక్క తన యజమాని ప్రక్కన చెక్కబడియున్నది. దాని పేరు కోవివన్ అని శాసనమున స్పష్టముగా నున్నది.

అన్నిటికన్న విపులమైనది కర్ణాటకమున మండ్య ప్రాంతపు ఆతకూరు శాసనము. 949లో అరక్కోణము సమీపమునగల తక్కోలముకడ రాష్ట్రకూట మూడవ కృష్ణునికిని చోళులకును యుద్ధము జరిగెను. చోళ యువరాజు రాజాదిత్యుడు అందు కూలెను. రాష్ట్రకూటుల పక్షమున పోరిన గంగరాజు బూతుగుడు తన భటుడు మణలేరుని శౌర్యమునకు మెచ్చి, వరము కోరుకొమ్మనెను. అతడు కోరినది ఊరు కాదు, బంగారము కాదు. రాజుగారి వేటకుక్క కాళి. రాజిచ్చెను. తరువాత ఒక గుట్టకడ పెద్ద అడవిపంది మీదికి కాళిని వదలగా రెండును ఒకదానినొకటి చంపుకొని పడిపోయెను. మణలేరుడు కాళికి రాయి నిలిపించి, భూమి దానమిచ్చి, పూజకు గొరవని నియమించెను. ఆ రాతిని పూజింపక గొరవడు అన్నము తిన్నచో కుక్క చేసిన పాపము అతనిని చుట్టుకొనునని శాసనము బెదిరించుచున్నది. మాకు ఆ బెదిరింపు మిక్కిలి నచ్చినది. దుఃఖపడినవాడు తన తరువాతివారిని నమ్మలేక వ్రాయించిన మాట యది. ఆ రాయి ఇప్పుడు బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియమున నున్నది. కాళియు పందియు నేటికిని దానిపై పెనగులాడుచునే యున్నవి.

ఆయుధమున పోయినదానికి రాయి దక్కెను గాని రోగమున పోయినవానికి లేదు. కుక్కలను మూకుమ్మడిగా చంపు డిస్టెంపరు సూక్ష్మక్రిమి వలన వచ్చునని 1905లో ఫ్రెంచి పశువైద్యుడు కారే చూపెను. ఇంగ్లండులో వేటకుక్కల యజమానులు చందాలు పోగుచేసి పరిశోధన చేయించిరి. లెయిడ్లా, డంకిన్ అనువారు 1920ల చివర టీకా సాధించిరి. ఆ పనిలో ఫెర్రెట్ అను చిన్న జంతువులను వాడుటచే కలిగిన అనుభవమే 1933లో మనుష్యుల ఇన్‌ఫ్లూయెంజా వైరసును పట్టుటకు తోడ్పడెను. కుక్కలకై పెట్టిన ఖర్చు మనకును కలిసివచ్చినది.

మేము బాలురమై యుండగా, 1990 ప్రాంతమున, రామసముద్రమునకు చేరువలోని మా తాతగారి యింట పొడుగు కాళ్ల నల్లకుక్క యొకటి యుండెను. 1972 చట్టముతో వన్యమృగముల వేట నేరమైనది. దానికి పరుగెత్తుటకు చేని గట్లే మిగిలినవి. రాగిసంగటిని మజ్జిగతో మెదిపి పెట్టెడివారు. ఒక యేడు చలికాలమున కండ్ల వెంట, ముక్కు వెంట చీము కారి తిండి మానివేసినది. తాతగారు పాలలో రాగిగంజి కలిపి అరచేతితో నాకించిరి. రాత్రులు గోనెపట్ట కప్పి తమ మంచము ప్రక్కనే పరుండబెట్టుకొనిరి. ఆరియన్ పేరు ఆయన వినియుండలేదు. పది దినములకు లేచి తిరిగినది. ఇల్లంతయు సంతోషించితిమి. మూడు వారములకు కాళ్లు అదరుట మొదలయ్యెను, ఆపై మూర్ఛలు వచ్చెను. డిస్టెంపరు ఇట్లే, కోలుకొన్నట్లు కనబడి, తరువాత నరములను పట్టునని మేము చాల కాలమునకు చదివి తెలిసికొంటిమి. టీకా లోకమునకు వచ్చి అప్పటికి అరువదియేండ్లు. అట్టిదొకటి కలదని మా యింట ఎవరికిని తెలియదు.

తాతగారు దానిని బావి వెనుక చేనిగట్టున పూడ్చి, ఆ పూట అన్నము తినలేదు. దాని పేరు కరియ. ఆ చేనిలో ఇప్పుడు టమాటా పండించుచున్నారు.