గుర్రపు మాలీసు – పార్థసారథి నుండి జట్కావాలా దాకా



ఈ మధ్య విశాఖలో మా అమ్మాయి ఇంట నాలుగు రోజులు ఉండవలసి వచ్చింది. వారింట ఒక ముసలి కుక్క ఉన్నది. దానికి పదకొండేళ్ళు నిండాయి. వెనుక కాళ్ళు పట్టేసి, లేవడానికి అవస్థ పడుతున్నది. పశువైద్యులు మందులతో పాటు రోజూ రెండు పూటలా గోరువెచ్చని కాపడమూ, తేలికపాటి మర్దనా చేయమన్నారట. అమ్మాయి ఫోనులో చూసి ఆ పద్ధతి నేర్చుకొన్నది. తుంటి నుండి తొడ దాకా అరచేతితో మెల్లగా నిమురుతూ ఉంటే, ఆ మూగజీవి ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, కళ్ళు మూసుకొని, తల నేలకు ఆన్చింది.

"ఇవన్నీ విదేశాల వాళ్ళు కనిపెట్టిన విద్యలు నాన్నా! మన వాళ్ళకు జంతువుల ఒళ్ళు పట్టడం ఎక్కడ తెలుసు?" అన్నది అమ్మాయి.

ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. బదులు నాలుక చివరనే ఉన్నది. కానీ చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో ఆనందపురం తిరిగి వచ్చిన తరువాత గాని నాకే బోధపడలేదు. ఈ టపా ఆ బదులు. కొంచెం దీర్ఘమైనది, ఓపిక పట్టగలరు.

మొదట భారతం. సైంధవ వధ జరిగిన నాటి కథ మీ అందరికీ తెలిసినదే. సూర్యుడు అస్తమించేలోగా జయద్రథుణ్ణి చంపుతానని అర్జునుడు ప్రతిజ్ఞ చేశాడు. పొద్దు వాలుతున్నది, దారి ఇంకా చాలా ఉన్నది, గుర్రాలు బాణాల దెబ్బలు తిని డస్సిపోయాయి. అప్పుడు యుద్ధరంగం నడుమ అర్జునుడు రథం దిగి, బాణంతో నేలను చీల్చి నీటి మడుగు కల్పించాడు. బాణాలతోనే ఒక ఇల్లు కట్టాడు. తాను నేల మీద నిలబడి శత్రుసేనను ఆపుతూ ఉంటే, శ్రీకృష్ణుడు గుర్రాలను విప్పి ఆ నీడలోకి తీసుకుపోయాడు. వాటి ఒంట దిగిన బాణాలు తన చేతులతో పెరికాడు, ఒళ్ళు నిమిరి తోమాడు, నీళ్ళు త్రాగించాడు, కడిగాడు, మేత పెట్టాడు. వాటి అలసటా, వాటి వణుకూ, నోటి నురగా, గాయాల బాధా అన్నీ తీర్చాడని వ్యాసుడు ఒక్కొక్కటే లెక్కపెట్టి చెప్పాడు. అశ్వకర్మలో నేర్పరి కనుక అలా చేయగలిగాడని కూడా అన్నాడు.

గమనించారా? గీత చెప్పిన నోరు మనకు గుర్తున్నది. విశ్వరూపం గుర్తున్నది. గుర్రాల ఒళ్ళు తోమిన ఆ రెండు చేతులు ఎవరికి గుర్తున్నాయి? వ్యాసునికి మాత్రం అది చిన్నపనిగా తోచలేదు. గుర్రాలు లేవకపోతే ప్రతిజ్ఞ లేదు, యుద్ధం లేదు. ఆ భారతంలోనే నకులుడు విరాటుని కొలువులో దామగ్రంథి అనే పేరుతో అశ్వపాలకుడిగా ఒక ఏడాది గడిపాడు. నకులుని పేర సంస్కృతంలో ఒక అశ్వశాస్త్రమే ప్రచారంలో ఉన్నది. తంజావూరు సరస్వతీ మహలు వారు 1952లో దానిని అచ్చు వేశారు.

భారతం ఇతిహాసం కదా, లోకంలో నిజంగా ఈ పని ఉండేదా అంటారేమో. శూద్రకుని మృచ్ఛకటికం నాలుగవ అంకం తీయండి. విదూషకుడు వసంతసేన ఇంటికి వెళ్ళి ఒక్కొక్క వాకిలీ దాటుతూ తాను చూసినది వర్ణిస్తాడు. రెండవ వాకిట్లో పశుశాల ఉన్నది. బండి ఎద్దుల కొమ్ములకు నూనె రాసి ఉన్నది. ఒక ప్రక్క గుర్రాల జూలు దువ్వి సవరిస్తున్నారు. మరొక ప్రక్క పందెంలో పోరాడి వచ్చిన పొట్టేలుకు, కుస్తీ ముగించిన మల్లునికి చేసినట్లు, మెడ మర్దన చేస్తున్నారు. ఈ ఒక్క వాక్యం చాలు. పోటీ తరువాత బిగిసిన కండరాన్ని వదులు చేయడం మనుషులకూ జంతువులకూ ఒకటే అని ఆనాటి వారికి తెలుసు. నవ్వు పుట్టించడానికి అనిపించిన మాటే, ఈనాడు మనకు సాక్ష్యం.

అర్థశాస్త్రంలో కౌటిల్యుడు అశ్వాధ్యక్షునికి ఒక అధ్యాయమే కేటాయించాడు. గుర్రాలకు రోజుకు రెండు సార్లు స్నానం చేయించాలి, గంధం పూయాలి, పూలదండ వేయాలి అన్నాడు. ఈనిన గుర్రానికి మూడు రోజులు నెయ్యి పట్టించమన్నాడు. కట్టేవాడు, గడ్డి వేసేవాడు, దాణా వండేవాడు, శాల కాచేవాడు, జూలు కత్తిరించేవాడు, విషవైద్యుడు... ఇలా ఎందరినో పేర్కొన్నాడు. పన్నెండవ శతాబ్దంలో చాళుక్య సోమేశ్వరుడు మానసోల్లాసంలో ఏనుగులకూ గుర్రాలకూ తోడుగా కుక్కలకు కూడా ఒక ప్రకరణం వ్రాశాడు. మా అమ్మాయి కుక్కకు ఆ మాత్రం పూర్వగౌరవం ఉన్నది!

ఇక అశ్వవైద్యానికి ఆదిపురుషుడు శాలిహోత్రుడు. ఆ పేరు వాడుకలో అరిగి అరిగి హిందుస్తానీలో 'సలోత్రి' అయింది. సలోత్రి అంటే గుర్రాల వైద్యుడు. ఆంగ్లేయుల కాలంలో అశ్వదళాలలో కూడా సలోత్రి ఉండేవాడు. ఒక ఋషి పేరు వెయ్యేళ్ళు దాటి ఉద్యోగం పేరుగా మిగలడం చిన్న సంగతి కాదు.

మన తెలుగు మాటకు వద్దాం. 'సాహిణి' అనే పాతమాట ఉన్నది. అశ్వశిక్షకుడు, గుర్రపు దండుకు అధిపతి అని దాని అర్థాలు. ఏనుగుల మీద అధికారి గజసాహిణి. కాకతి గణపతిదేవుని కొలువులో నృత్తరత్నావళి వ్రాసిన జాయప సేనాని గజసాహిణి. భాస్కర రామాయణాన్ని అంకితం పొందినవాడు సాహిణి మారన. అంటే, గుర్రాన్నో ఏనుగునో ఎరిగినవాడు కృతిభర్తగా, గ్రంథకర్తగా కూర్చోగలిగిన కాలం ఒకటి ఉండేదన్నమాట. తరువాత మనుమంచి భట్టు హయలక్షణ విలాసం పేరుతో తెలుగు పద్యాలలో అశ్వశాస్త్రం వ్రాశాడు.

ఆ విద్య విలువ ఎంతటిదో అది లేనిచోట తెలుస్తుంది. పదమూడవ శతాబ్దం చివర దక్షిణాదికి వచ్చిన మార్కోపోలో పాండ్యదేశం గురించి ఒక మాట వ్రాశాడు. సముద్రం దాటించి ప్రతి ఏటా వేలకొద్ది గుర్రాలు తెప్పిస్తారట. సాకడం తెలిసినవారు లేక అవి చాలావరకు చచ్చిపోతాయట. వర్తకులు తెలిసినవారిని ఈ దేశానికి రానివ్వరట, గుర్రాలు చస్తేనే కదా వాళ్ళకు మళ్ళీ బేరం! తరువాతి కాలంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, రాజుగారి గుర్రాలను చూసుకొనేందుకు 1600 మంది సేవకులు ఉన్నారని వ్రాశాడు. ఆ పదహారు వందల మందిలో ఒక్కని పేరూ మనకు తెలియదు.

నా ఈ టపాకు అసలు విషయం ఇదే. శాస్త్రం రాజుల పేర, పండితుల పేర నిలిచింది. ఆ శాస్త్రంలో ఉన్నది గుర్రం సుడులు, వన్నెలు, శుభాశుభ లక్షణాలు, మందులు. రోజూ ఒళ్ళు తోమిన చెయ్యి ఎక్కడ నొక్కాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన విద్య మాత్రం పుస్తకం ఎక్కలేదు. అది తండ్రి చేతి నుండి కొడుకు చేతికి వెళ్ళింది. సాహిణి గౌరవం పోయి 'సయీసు' మిగిలాడు. ఆ మాటకూ ఒక కథ ఉన్నది. అరబ్బీలో సాయిస్ అంటే గుర్రాలను సాకి నడిపేవాడు. రాజ్యపాలనకు వాళ్ళు చెప్పే 'సియాసత్' అనే మాటా ఆ ధాతువు నుండి వచ్చినదే. హైదరాబాదు నుండి 1949లో మొదలైన సియాసత్ పత్రిక పేరు మీరు వినే ఉంటారు. గుర్రాన్ని సాకడం తెలిసినవాని మాట నుండి రాజనీతి పుట్టింది. మన ఊళ్ళలో ఆ సాకినవాడు మాత్రం గుమ్మం బయటే నిలబడ్డాడు.

ఇప్పుడు నా కథ చెప్పక తప్పదు.

1987 ప్రాంతం. విజయనగరం వైపు ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేస్తున్నాను. అప్పటికి అక్కడ జట్కాలు ఇంకా తిరుగుతున్నాయి. తొమ్మిదవ తరగతిలో సైంధవ వధ కథ చెబుతున్నాను. కృష్ణుడు బాణాలు పెరికి గుర్రాల ఒళ్ళు రుద్దాడని చెప్పగానే వెనుక బల్ల నుండి ఒక కుర్రవాడు లేచాడు. వాళ్ళ నాన్న జట్కా తోలేవాడు.

"మేస్టారండీ, పుండు మీద రుద్దకూడదండి. పుండు సుట్టూ రుద్దాలండి. ముందు సేత్తో తడిమి ఏడి ఎక్కడుందో సూడాలండి. మా అయ్య అలాగే సేత్తాడండి" అన్నాడు.

నేను ఏమన్నానో తెలుసా? "కృష్ణుడికి నువ్వు నేర్పుతావుట్రా? కూర్చో" అన్నాను. తరగతి అంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వు నాకు బాగుండింది కూడా. ఆ కుర్రవాడు కూర్చున్నాడు. ఆ సంవత్సరం మళ్ళీ నా తరగతిలో నోరు విప్పలేదు.

కొన్ని వారాల తరువాత, సాయంకాలం రైలు దిగి వస్తూ, జట్కాల అడ్డ దగ్గర వాళ్ళ నాన్నను చూశాను. బండి నుండి గుర్రాన్ని విప్పి, చెమట ఆరేదాకా మెల్లగా నడిపించాడు. ఇనుప పళ్ళ ఖరారాతో మెడకూ డొక్కలకూ పట్టిన మట్టి రాల్చాడు. తలకూ కాళ్ళకూ మాత్రం ఇనుము తాకనివ్వలేదు, తడిగుడ్డ వాడాడు. ఎండుగడ్డి మెలివేసి చేతికి చుట్టుకొని, వీపు మీద దెబ్బ వెంట దెబ్బగా రుద్దాడు. చివరికి గడ్డి పారవేసి ఉత్త అరచేతితో మెడ మొదట, జూలు ముగిసే చోట, గుండ్రంగా నొక్కుతూ ఉండిపోయాడు. ఎడమ చెయ్యి మాత్రం ఎప్పుడూ గుర్రం ఒంటి మీదనే ఉన్నది. గుర్రం క్రింది పెదవి వ్రేలాడవేసి, ఒక వెనుక కాలు సడలించి, నిలుచునే కునికింది. ఆ రోజు ఉదయం నుండి అతను ఏమి తిన్నాడో నాకు తెలియదు. నేను నిలబడి చూశాను. ఒక్క ప్రశ్న అడగలేదు. పండితుణ్ణి కదా!

తరువాత చదువుకొంటే తెలిసింది. క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దంలో గ్రీకు సేనాని జెనోఫన్ అశ్వారోహణం మీద వ్రాసిన పుస్తకంలో, గుర్రం తల ఎముకల మయం కనుక ఇనుమూ కొయ్యా తగలనివ్వక నీళ్ళతోనే కడగమన్నాడు. వెన్నును చేతితో రుద్దమన్నాడు. జట్కా అడ్డలో నేను చూసినది అదే. ఎండుగడ్డి మెలితో రుద్దడం ఇంగ్లండు అశ్వశాలల్లోనూ పాత అలవాటే. అమెరికాలో జాక్ మేగర్ అనే ఆయన ఆటగాళ్ళకు చేసే మర్దనను గుర్రాలకు వర్తింపజేసి, 1976 మాంట్రియల్ ఒలింపిక్సులో ఆ దేశపు గుర్రాలకు పనిచేశాడు. 1985లో పుస్తకం వ్రాశాడు. లిండా టెల్లింగ్టన్ జోన్స్ అనే ఆమె వేళ్ళతో చిన్న చిన్న సున్నాలు చుట్టే పద్ధతిని గుర్రాల నుండి కుక్కల దాకా వ్యాపింపజేసింది. మా అమ్మాయి ఫోనులో చూసినది బహుశా ఆ శాఖే.

1993లో ఫ్రాన్సులో ఇద్దరు పరిశోధకులు మరొక సంగతి కొలిచి చూపారు. గుర్రాలు ఒకదానినొకటి పళ్ళతో గీరుకొనే చోటు ఒకటి ఉన్నది. అది మెడ మొదట, జూలు ముగిసే చోటు. అక్కడ మనిషి చేతితో గీరినా గుర్రం గుండె వేగం తగ్గుతుంది. వేరొక చోట గీరితే అలా తగ్గదు. ఇది చదివిన రోజు నేను చాలాసేపు కుర్చీలో నుండి లేవలేదు. జట్కా అడ్డలో అతని అరచెయ్యి ఆగినది సరిగ్గా అక్కడే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మర్దన సర్వరోగ నివారిణి కాదు. ఎముక విరిగినా, జ్వరం ఉన్నా, పుండు చీము పట్టినా, ఉన్నట్టుండి వాపు వచ్చినా ముట్టకూడదు, వైద్యుని పిలవాలి. బిగువు సడలడం, నొప్పి కొంత తగ్గడం, జీవికి నెమ్మది కలగడం వరకు దాని హద్దు. ఆ హద్దు తెలియడం కూడా విద్యలో భాగమే. 'పుండు మీద రుద్దకూడదండి' అన్న మాటలో ఉన్నది అదే కదా!

జట్కాలు పోయాయి. కానీ మన ఉత్తరాంధ్ర పల్లెల్లో సంక్రాంతికీ, అమ్మవారి పండుగలకూ గుర్రపు పందేలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. విశాఖ సముద్రపుటొడ్డున పిల్లలను ఎక్కించుకొని తిరిగే గుర్రాలు ఉన్నాయి. వాటి వెంట నడిచే మనుషులు ఉన్నారు. వాళ్ళలో ఎవరి చేతుల్లో ఎంత విద్య మిగిలి ఉన్నదో అడిగినవారు తక్కువ.

నిన్న అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. "అమ్మా, నీవు చేసేది మన వాళ్ళకు తెలుసు. కృష్ణునికి తెలుసు. విజయనగరంలో ఒక జట్కావాలాకు తెలుసు. తెలియనిది మీ నాన్నకే" అన్నాను. ఆ కుర్రవాని మాట కూడా చెప్పాను, ముసలి కుక్కకు నొప్పి ఉన్నచోట నేరుగా నొక్కవద్దనీ, ముందు చేత్తో తడిమి వేడి చూడమనీ. ముప్పై ఏళ్ళకు పైబడిన తరువాత ఆ పాఠం ఒక ఇంటికి చేరింది. పాఠం చెప్పినవానికి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. ఎక్కడ ఉన్నాడో తెలియదు. కనబడితే, 'కూర్చో' అన్న నోటితోనే 'చెప్పు నాయనా' అనాలని ఉన్నది.

మిత్రులారా, మీ ఊళ్ళలో గుర్రాన్నో, పందెపు ఎద్దునో, వేటకుక్కనో సాకిన పెద్దలు ఉంటే, వాళ్ళ దగ్గర కూర్చుని అడగండి. వాళ్ళు చెప్పిన మాటలు వాళ్ళ మాటల్లోనే వ్రాయండి. నా లాగా పండితులు కాకండి.

స్వస్తి.