సముద్రం అవతలి పెంపకం

తెలుగు నేల మీద పుట్టిన పిల్లలను పరదేశీయులు తమ పెంపకంలోకి తీసుకుని సముద్రం దాటించిన ఉదంతాల్లో ఎక్కువ మందికి తెలిసినది జిడ్డు కృష్ణమూర్తిది, ఆయన తమ్ముడు నిత్యానందది. కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో పుట్టారు. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పక్కనున్న పుంగనూరు జమీందారీ, దక్షిణాన కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లా కిందికి వచ్చేవి. 1911 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మూడూ అందులో కలిశాయి. ఆ నెలలోనే ఈ అన్నదమ్ములిద్దరూ బొంబాయిలో ఇంగ్లండు ఓడ ఎక్కారు.

బిడ్డను ఇంకొకరి చేతిలో పెట్టడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పిల్లలు లేని అన్నకు తమ్ముడు తన కొడుకును దత్తత ఇచ్చేవాడు. దత్తహోమం జరిగేది, కన్నవాళ్ళు బిడ్డను చేతుల మీదుగా అప్పగించేవాళ్ళు. తల్లి పోయిన బిడ్డను అమ్మమ్మో మేనత్తో సాకేది, దానికి హోమమూ లేదు, కాగితమూ లేదు. శాస్త్రప్రకారం దత్తతకు మగపిల్లవాడే కావాలి, ఎందుకంటే దాని ప్రయోజనం పిండప్రదానం, వంశం, ఆస్తి. అక్కచెల్లెళ్ళ కొడుకును దత్తత చేసుకోరాదని వ్యాఖ్యాతలు రాసినా, దక్షిణాది బ్రాహ్మణుల్లో ఆ ఆచారం నడుస్తోంది కాబట్టి చెల్లుతుందని మద్రాసు హైకోర్టు 1880ల్లో ఒప్పుకుంది. ఒక్కగానొక్క కొడుకును దత్తత ఇవ్వవచ్చా అన్న తగాదా లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయి, ఇవ్వవచ్చని 1899లో తేలింది. ఈ వ్యాజ్యాలన్నిటిలో వాదులాడినది పెద్దల హక్కుల గురించే. చేతులు మారిన పిల్లవాడికి ఏది మేలు అన్న ప్రశ్న వాటిలో దాదాపు కనబడదు.

1876-78 ధాత కరువు రాయలసీమలో ఎందరో పిల్లలను దిక్కులేని వాళ్ళను చేసింది. అనాథాశ్రమాలు, బోర్డింగు బడులు నడిపిన క్రైస్తవ మిషన్లు అలాంటి పిల్లలను చేరదీశాయి. మదనపల్లె, పుంగనూరు ప్రాంతంలో పనిచేసింది అమెరికన్ ఆర్కాట్ మిషన్. పెంచిన చేతులు పరాయివైనా, ఆ పిల్లలు పెరిగింది సాధారణంగా ఇక్కడే, తమ భాషలోనే. జిడ్డు వారి పిల్లల కథ వేరే దారి పట్టింది.

తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖ ఉద్యోగి, మద్రాసు విశ్వవిద్యాలయ పట్టభద్రులు, 1882 నుంచి దివ్యజ్ఞాన సమాజ (థియోసాఫికల్ సొసైటీ) సభ్యులు. తల్లి సంజీవమ్మ. కృష్ణమూర్తి వాళ్ళకు ఎనిమిదో సంతానం. 1905 డిసెంబరులో కడపలో సంజీవమ్మ కన్నుమూశారు. రెండేళ్ళకు నారాయణయ్య ఉద్యోగం నుంచి విరమించారు. చేతికి వచ్చేది పింఛను, ఇంట్లో నలుగురు కొడుకులు. అడయారులోని సమాజ కేంద్రంలో ఏదైనా పని ఇప్పించమని అధ్యక్షురాలు అనీ బెసెంట్‌ను ఆయన పలుమార్లు అడిగారు. చివరికి 1909 జనవరిలో కుటుంబమంతా అడయారు చేరి, ఆవరణ బయట ఒక చిన్న ఇంట్లో దిగింది. పిల్లలు నడిచి మైలాపూరు బడికి పోయేవాళ్ళు. కృష్ణమూర్తి బక్కచిక్కి, తరచూ జ్వరాలతో తీసుకునే పిల్లవాడు, పాఠం అప్పజెప్పలేక బడిలో దెబ్బలు తినేవాడు. ఆ ఏడాది అడయారు సముద్రపు ఒడ్డున అతన్ని చూసిన సమాజ ప్రముఖుడు సి.డబ్ల్యు. లెడ్‌బీటర్, ఈ అబ్బాయి సమాజం ఎదురుచూస్తున్న జగద్గురువుకు వాహకుడవుతాడని ప్రకటించాడు. బడి మాన్పించి, ఇంగ్లీషు, వ్యాయామం, సైకిలు, టెన్నిస్ నేర్పించారు. తమ్ముణ్ణీ తోడు చేశారు.

1910 మార్చి 6న నారాయణయ్య ఇద్దరు కొడుకుల సంరక్షణను బెసెంట్‌కు అప్పగిస్తూ పత్రం రాసిచ్చారు. అప్పటికి పెద్దవాడికి పద్నాలుగేళ్ళు, చిన్నవాడికి పదకొండు. ఇది దత్తత కాదు. బెసెంట్ హిందూ ధర్మశాస్త్రం లెక్కలో దత్తత తీసుకోగల మనిషీ కారు, పిల్లలు ఆమె ఇంటిపేరుకూ ఆస్తికీ వారసులూ కారు. కానీ తిండి, బట్ట, చదువు, నివాసం, స్నేహాలు, ప్రయాణాలు అన్నీ అప్పటి నుంచి ఆమె మాట ప్రకారమే. ఆచరణలో అది దత్తత కంటే తక్కువేమీ కాలేదు.

1911 ప్రయాణంలో పిల్లల అవస్థ చిన్న చిన్న విషయాల్లో తెలుస్తుంది. పాశ్చాత్య దుస్తులకు త్వరగానే అలవాటు పడ్డారు గానీ, బూట్లు పాదాలను పట్టేసి బాధపెట్టాయి. సిగ్గరి అయిన కృష్ణమూర్తికి ఓడలోని యంత్రాలంటే మాత్రం ఎనలేని ఆసక్తి. తీగ లేకుండా వార్తలు పంపే మార్కోనీ యంత్రాన్ని దగ్గరుండి చూశాడు. మే 5న లండన్ చేరారు. శరదృతువులో తిరిగి వచ్చారు. 1912 జనవరిలో, చదువు కోసం పిల్లలను ఇంగ్లండు తీసుకుపోవడానికి అభ్యంతరం లేదని తండ్రి మరో పత్రం రాసిచ్చారు. ఫిబ్రవరిలో రెండోసారి ఓడ ఎక్కారు. ఈసారి కృష్ణమూర్తి తిరిగి దేశంలో అడుగుపెట్టేసరికి 1921 చివరికి వచ్చింది.

నారాయణయ్య మనసు మారడానికి కారణాలు ఒక్కటి కావు. లెడ్‌బీటర్ మీద అప్పటికే అపవాదులున్నాయి. పిల్లలను అతనికి దూరంగా ఉంచాలని తండ్రి పట్టుబట్టారు. ఆ మాట నిలబడలేదు. కొడుకును దేవుణ్ణి చేసి కొలవడం ఆయనకు మింగుడుపడలేదు. ఆచారం మంటగలిసిందన్న బాధ సరేసరి. 1912లో ఆయన సంరక్షణ పత్రాన్ని రద్దు చేస్తున్నట్టు నోటీసు పంపి, అక్టోబరులో చెంగల్పట్టు జిల్లా కోర్టులో దావా వేశారు, ఎందుకంటే అడయారు ఆ జిల్లాలోది. దావా మద్రాసు హైకోర్టుకు బదిలీ అయింది. తండ్రి తరఫున వాదించింది సి.పి. రామస్వామి అయ్యర్. బెసెంట్ వకీలును పెట్టుకోకుండా తన వాదన తానే వినిపించారు.

పిల్లలను కోర్టులో పోగొట్టుకోవడం బెసెంట్‌కు అంతకుముందే తెలిసిన దుఃఖం. కుటుంబ నియంత్రణ గురించిన పుస్తకాన్ని అచ్చువేసినందుకూ, నాస్తికురాలైనందుకూ 1878లో ఇంగ్లండు కోర్టు ఆమె కూతురు మేబెల్‌ను ఆమె నుంచి తీసి తండ్రికి అప్పగించింది. ముప్పై అయిదేళ్ళ తర్వాత ఆమె ఒక తండ్రికి ఎదురు నిలబడ్డారు. ఆమె పట్టుదలలో ఆ పాత గాయం పాలు ఎంతో కొంత ఉండే ఉంటుంది. నారాయణయ్య పక్షాన ఉన్నదీ తేలిగ్గా కొట్టిపారేయగల బాధ కాదు. పేదరికమూ భక్తీ కలిసి చేయించిన సంతకాన్ని ఆయన వెనక్కి తీసుకోవాలనుకున్నారు.

1913 ఏప్రిల్ 15న జస్టిస్ బేక్‌వెల్ తీర్పు చెప్పారు. లెడ్‌బీటర్ మీద తండ్రి చేసిన నిర్దిష్ట ఆరోపణ రుజువు కాలేదన్నారు. అయినా అతని అభిప్రాయాలు పిల్లల దగ్గర ఉండదగినవి కావన్నారు. పిల్లలను కోర్టు సంరక్షణలో ఉన్నవారిగా ప్రకటించి, తండ్రికి అప్పగించాలని ఆదేశించారు. అక్టోబరులో అప్పీలు కూడా కొట్టేశారు. బెసెంట్ ప్రివీ కౌన్సిల్‌కు వెళ్ళారు. 1914 మేలో అక్కడ తీర్పు తారుమారైంది.

లార్డ్ పార్కర్ వినిపించిన ఆ తీర్పు నేటికీ న్యాయవాదులు ఉదహరించేది. అందులో తండ్రికి అనుకూలమైన సూత్రమే ముందుంది: హిందూ తండ్రి తన బిడ్డ పెంపకాన్ని, చదువును వేరొకరికి అప్పగించవచ్చు గానీ, ఆ అధికారాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఆ వెంటనే మినహాయింపు. అప్పగింత వల్ల బిడ్డకు కొత్త అనుబంధాలు, ఆశలు ఏర్పడి, వాటిని చెదరగొట్టడం బిడ్డకే నష్టమైతే కోర్టు అడ్డుపడవచ్చు. ఇక దావా ఎందుకు నిలవలేదంటే, పిల్లలు మామూలుగా నివసించే చోటే సంరక్షణ దావా వేయాలని 1890 నాటి సంరక్షకులు, ఆశ్రితుల చట్టం చెబుతుంది. వాళ్ళు అప్పటికి చెంగల్పట్టులో కాదు, ఇంగ్లండులో ఉన్నారు. పైగా ఆ ఇద్దరినీ కక్షిదారులుగా చేర్చలేదు, వాళ్ళ ఇష్టం కనుక్కోలేదు. మద్రాసులో రెండు కోర్టులు, ఇద్దరు పెద్దలు, పేరుమోసిన వకీళ్ళు ఏడాదికి పైగా తలపడినా, పద్దెనిమిదేళ్ళ యువకుణ్ణి ‘నీవేమంటావు?’ అని అడగాలన్నది ప్రివీ కౌన్సిల్ చెప్పేదాకా లెక్కలోకి రాలేదు. ఈ కేసులో అన్నిటికంటే విలువైన మాట అదే.

ఫలితం మాత్రం తండ్రికి కడుపుకోతే. నారాయణయ్య 1924లో పోయారు. నిత్యానంద 1925 నవంబరులో కాలిఫోర్నియాలోని ఓహైలో క్షయతో పోయాడు. కృష్ణమూర్తి తెలుగు మరిచిపోయారు. 1929లో తనను జగద్గురువుగా కొలిచే సంఘాన్ని తానే రద్దు చేసి, ఆ తర్వాత దివ్యజ్ఞాన సమాజం నుంచి బయటికి వచ్చారు. మదనపల్లెకు ఈ బంధం మిగిల్చినవి విద్యాసంస్థలు: 1915లో బెసెంట్ పేరుమీద వెలసిన దివ్యజ్ఞాన కళాశాల, ఆ పైన కురబలకోట దాపున రిషి వ్యాలీ పాఠశాల.

నారాయణయ్య దావాను నిలవనివ్వని 1890 చట్టమే తర్వాత చాలాకాలం పరదేశపు దత్తతలకు దారి అయింది. 1956 హిందూ దత్తత చట్టం ఆడపిల్లల దత్తతకు తలుపు తీసింది గానీ, అది హిందువులకే వర్తించేది. స్వీడన్ నుంచో అమెరికా నుంచో వచ్చిన దంపతులు ఇక్కడి జిల్లా కోర్టులో సంరక్షకులుగా మాత్రమే నమోదై, బిడ్డను తమ దేశం తీసుకుపోయి, అక్కడి చట్టం కింద దత్తత చేసుకునేవారు. ఈ రెంటి నడుమ బిడ్డ ఏ ఇంటికీ పూర్తిగా చెందని స్థితి. పసిపిల్లలను పరాయి దేశాలకు పంపడంలో జరుగుతున్న అక్రమాల గురించి లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశారు. 1984 ఫిబ్రవరి 6న జస్టిస్ పి.ఎన్. భగవతి ఇచ్చిన తీర్పు దీనికి మొదటిసారి కట్టుదిట్టమైన పద్ధతి పెట్టింది: ముందు దేశంలోనే ఇల్లు వెతకాలి, విదేశీ దంపతుల ఇంటి పరిస్థితిపై గుర్తింపు పొందిన సంస్థ నివేదిక ఇవ్వాలి, కన్నతల్లికి పునరాలోచనకు గడువు ఉండాలి. ఆ తీర్పు ఫలితంగానే 1990లో కేంద్ర దత్తత వనరుల సంస్థ, కారా, ఏర్పడింది.

కాగితం మీద పద్ధతి ఉన్నా ఆచరణలో అది ఎంత సులువుగా కూలిందో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చూసింది. 1999లో, మళ్ళీ 2001లో హైదరాబాదు చుట్టుపక్కల కొన్ని దత్తత సంస్థల మీద పోలీసులు దాడులు చేస్తే, లంబాడా తండాల నుంచి కొన్న ఆడశిశువుల సంగతి బయటపడింది. మదనపల్లె వైపు సుగాలీలని పిలిచేది ఈ జాతినే. తండాలో తల్లికి దక్కింది చిన్న మొత్తం. విదేశీ దంపతుల నుంచి సంస్థలకు అందింది డాలర్లలో. సంతకం చేసిన తల్లికి ఆ కాగితంలో ఏముందో చదివే అవకాశమే లేదు. 1910లో సంతకం చేసిన నారాయణయ్య చదువుకున్నవారు, తర్వాత కోర్టుకు వెళ్ళగలిగారు. ఈ తల్లులకు ఆ దారీ లేదు. పేదరికం పేరుతో, ఆడపిల్ల అన్న కారణంతో బిడ్డను వదులుకోవడాన్ని ప్రభుత్వం కట్టడి చేసింది. రక్షించిన శిశువులు ప్రభుత్వ శిశువిహార్‌కు చేరారు.

1993 మే 29న హేగ్‌లో కుదిరిన అంతర్దేశ దత్తత ఒప్పందాన్ని భారత్ 2003లో ఆమోదించింది. 2015 బాలల న్యాయ చట్టం, 2022 దత్తత నిబంధనలు ఇప్పటి పద్ధతికి ఆధారం. వదిలేసిన బిడ్డ కన్నవాళ్ళ కోసం ముందు వెతకాలి. స్వయంగా అప్పగించిన తల్లిదండ్రులకు 60 రోజుల పునరాలోచన గడువు ఉంటుంది. ఆ తర్వాతే బాలల సంక్షేమ కమిటీ ఆ బిడ్డ దత్తతకు అర్హుడని ప్రకటిస్తుంది. కుప్పం, పుంగనూరు వైపు నుంచి వెళ్ళి, భారత పౌరులుగానే అమెరికాలో స్థిరపడ్డ తెలుగు దంపతులు ఇక్కడి బిడ్డను కోరుకుంటే, వారికి ప్రవాస భారతీయులుగా స్వదేశీయులతో సమాన వరస ఉంటుంది. అక్కడి గుర్తింపు పొందిన సంస్థ ఇంటి నివేదిక పంపాలి, కారా నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇస్తున్నది జిల్లా కోర్టు కాదు, కలెక్టరు. ఆపైన హేగ్ ఒప్పందం ప్రకారం ధ్రువపత్రం, పాస్‌పోర్టు, వీసా. తర్వాత రెండేళ్ళపాటు బిడ్డ యోగక్షేమాల మీద నివేదికలు రావాలి. ఇక్కడి కుటుంబం విదేశానికి వెళ్ళి అక్కడి బిడ్డను తెచ్చుకునే దారి కూడా నిబంధనల్లో ఉంది. దత్తత ఆ దేశపు చట్టం ప్రకారం జరగాలి, కారా సమ్మతి కావాలి, విదేశీ పాస్‌పోర్టుతో వచ్చే బిడ్డకు భారత రాయబార కార్యాలయం వీసా ఇవ్వాలి.

ఉత్తర్వుకు ముందు మూడు విషయాలు తేల్చుకోవాలని 2015 చట్టం నిర్దేశించింది: దత్తత బిడ్డ మేలుకేనా, వయసుకూ అవగాహనకూ తగ్గట్టు బిడ్డ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకున్నారా, డబ్బు చేతులు మారలేదు కదా. హేగ్ ఒప్పందంలోనూ బిడ్డ ఇష్టానికి అలాంటి చోటే ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండిన దత్తత బిడ్డ తన మూలాలు తెలుసుకోవడానికి స్వయంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకంటే చిన్నవాళ్ళు పెంచిన తల్లిదండ్రులతో కలిసి అడగాలి. వేరెవరో వాళ్ళ తరఫున వెతకడానికి వీల్లేదు. కన్నవాళ్ళే స్వయంగా అప్పగిస్తూ తమ పేరు బయటపెట్టవద్దని కోరి ఉంటే, వాళ్ళ వివరాలు చెప్పడానికి వాళ్ళ సమ్మతి తప్పనిసరి.